నల్ల కారు మీద సుడులు

"గుడ్డ కింద పడిందా, లేదా? అదొక్కటి చెప్పు చాలు," అన్నాడు కొడుకు. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

కోడలు స్టవ్ ముందు నిలబడి నాలుగు గ్లాసుల్లోకి టీ వడగడుతోంది.

"అంటే పడిందన్నమాట. పడిన గుడ్డని దులిపి మళ్లీ వాడావు. లేదంటే చక్రాలు తుడిచిన గుడ్డతోనే బానెట్ తుడిచావు. ఏదో ఒకటి జరక్కపోతే కారు నిండా అన్ని గీతల సుడులు ఎలా పడతాయి? ఆకాశం నుంచి ఊడిపడ్డాయా?"

"టీ చల్లారిపోతోంది," అందామె.

"నేనడిగేదేంటి, నువ్వు చెప్పేదేంటి!"

కొడుకు చెడ్డవాడేం కాదు. గొంతు పెద్దది, అంతే. కొరియర్ ఆఫీసులో రోజంతా పార్సెళ్లు వేరుచేసే పని. ప్రతి పెట్టె మీదా పంపినవాడి పేరూ, అందుకోవాల్సినవాడి పేరూ ఉండి తీరాలి. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. తప్పు జరిగిందంటే దాని మీద ఎవరిదో ఒకరి పేరు రాసి ఉండాలంటాడు. నాలుగు రోజులుగా ఆ పేరు పెళ్లానిది.

కిటికీ పక్క కుర్చీలో అద్దం మేస్త్రి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. కోడలు అందించిన టీ గ్లాసుని చేతిలో ఊరికే తిప్పుతున్నాడు. అద్దం మేస్త్రి అన్న పేరు ఆయనకు ఈ వీధి పెట్టింది. నలభై ఏళ్ల పాటు ఆయన కడిగిన కారు తలుపులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చని చెప్పుకునేవారు. కన్నతల్లి పెట్టిన పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

"మీరు చెప్పండి నాన్నా," అని కొడుకు ఇటు తిరిగాడు. "నలభై ఏళ్లలో మీ చేతి కింద ఒక్క కారుకైనా గీత పడిందా?"

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"అప్పుడు నీళ్లుండేవిరా," అన్నాడు మేస్త్రి.

"అదే నేనూ అనేది," అంటూ ఆయన భార్య అందుకుంది. కందిపప్పులో రాళ్లు ఏరుతున్నా ఆవిడ చెవులు మాత్రం ఎప్పుడూ ఇటే ఉంటాయి. "నీళ్లు లేకుండా కడగడమేమిటని మొదటి రోజే అన్నాను. ఎవరు విన్నారు? కారుకేమో చుక్క నీళ్లు వద్దట, ఆ కారు తుడిచిన గుడ్డకి మాత్రం గోరువెచ్చటి నీళ్లు కావాలట!"

ఇంకో రోజైతే ఈ మాటకి కోడలే ముందు నవ్వేది. ఇవాళ గ్లాసు తెచ్చి అత్తగారి పక్కన పెట్టి, తలుపు పక్కన గోడకున్న చెక్క బోర్డు దగ్గరకు వెళ్లింది. దాని మీద ఇరవై రెండు కొక్కేలు, ఇరవై రెండు కారు తాళాలు. అన్నీ ఎదురుగా ఉన్న పెద్ద భవనంలోని కార్లవి. సాయంత్రం ఐదింటికి ఆ బోర్డు పట్టుకుని కిందికి రమ్మని, సుడులు పడిన నల్ల కారు యజమాని టీచరమ్మ కబురు పంపింది. బోర్డుతో సహా రమ్మంటే ఏమిటో ఇంట్లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

కోడలు ఒక్కొక్క తాళం తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ దాని కొక్కేనికే తగిలించింది. తిరిగి ఇచ్చేసే వస్తువుని కూడా శుభ్రంగా ఇవ్వాలనుకునే మనిషి ఆమె. అది చూడలేక మేస్త్రి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఎందుకంటే ఆ నల్ల కారు తుడిచింది ఆయనే.

గురువారం తెల్లవారుజామున కోడలు తలనొప్పితో తలకి గుడ్డ బిగించుకుని పడుకుని ఉంది. కొడుకు అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. టీచరమ్మ ఏడింటికల్లా స్కూలుకు బయల్దేరుతుంది. ఒక్క కారే కదా, పిల్లను లేపడమెందుకని మేస్త్రి తాళం తీసుకున్నాడు, స్ప్రే సీసా తీసుకున్నాడు, ఒక గుడ్డ తీసుకున్నాడు.

ఒకే ఒక్క గుడ్డ. అక్కడే వచ్చింది చిక్కంతా.

కోడలి పద్ధతి వేరు. కారుకి నాలుగు గుడ్డలు. ముందు స్ప్రే సీసాలోని ద్రవాన్ని ధారాళంగా చల్లి, దుమ్ము నానేదాకా ఆగుతుంది. నూగు గుడ్డని నాలుగు మడతలు వేసి, నొక్కకుండా, నిద్రపోయే పిల్లాడి మీద దుప్పటి లాగినంత మెల్లగా ఒకే వైపుకి లాగుతుంది. ఒక్క లాగు అవగానే మడత తిప్పి కొత్త ముఖం. అలా ఒక గుడ్డకి ఎనిమిది ముఖాలు. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతుంది. మట్టి ఎక్కువుండే కింది అంచులకీ చక్రాలకీ గుడ్డలు వేరు. గుడ్డ నేల మీద పడితే ఉతికేదాకా దాన్ని ముట్టుకోదు. కారు బురద కొట్టుకుని వస్తే, "దీనికి నీళ్లే కావాలండి, నేను చెయ్యను," అని మొహం మీదే చెప్పేస్తుంది.

మేస్త్రికి ఇదంతా గొప్పింటి సోకుగా కనిపించేది. ఒక గుడ్డ, ఒక కారు. నలభై ఏళ్లు ఆయన లెక్క అదే. పైగా గుండ్రంగా, భుజం బలమంతా పెట్టి రుద్దితేనే ఆయనకు పని చేసినట్టుంటుంది. పైపు నీళ్లతో దుమ్మంతా కొట్టుకుపోయాక అలా రుద్దినా చెల్లింది. రెండేళ్ల కిందట భవనం బావి అడుగంటింది, పైపు పెట్టి కార్లు కడగకూడదని తీర్మానించారు. దాంతో మేస్త్రి ఇంట్లో కూర్చున్నాడు, ఎక్కడికో వెళ్లి నీళ్లు లేని పద్ధతి నేర్చుకొచ్చిన కోడలు తాళాల బోర్డు తగిలించింది. నీళ్లతో పాటు తన విద్య కూడా ఇంకిపోయిందని ఆయన ఒప్పుకోలేకపోయాడు. గురువారం ఆ నల్ల రంగు మీద దుమ్మునీ గుడ్డనీ కలిపి, ప్రేమగా, గట్టిగా, గుండ్రంగా రుద్దింది ఆ బాధే.

సెల్లార్ చీకట్లో కారు నిజంగానే అద్దంలా మెరిసింది. సాయంత్రం చల్లగా చెబుదాం, పిల్ల ఆశ్చర్యపోతుందనుకుని తాళం యథాస్థానంలో పెట్టేశాడు.

సాయంత్రం ఆయన కంటే ముందు టీచరమ్మ వచ్చింది. స్కూలు ఆవరణలో మిట్టమధ్యాహ్నం ఎండలో చూసుకుందట, కారు ఒళ్లంతా సాలెగూళ్లు. "పొద్దున తుడిచింది నువ్వే కదా అమ్మాయ్?" అని గుమ్మంలో నిలబడి అడిగింది.

కోడలు ఒక్క క్షణం బోర్డు వంక చూసింది. తర్వాత, "నేనేనండి," అంది.

లోపలి గదిలో ఉన్న మేస్త్రి ఆ మాట విన్నాడు. అప్పుడే బయటికొచ్చి ఉంటే ఒక్క మాటతో పోయేది. రాలేదు. శుక్రవారం చెబుదామనుకున్నాడు. శుక్రవారం కొడుకు పెళ్లాన్ని తిట్టాడు. తిట్టిన తర్వాత చెప్పడం మరీ కష్టమైంది. అబద్ధానికి కాళ్లు లేవంటారు గానీ, చెప్పని నిజానికి రోజురోజుకీ బరువు పెరుగుతుంది.

*

మధ్యాహ్నం కోడలు వెనక బాల్కనీలో గుడ్డలు ఉతుకుతోంది. నీలం గుడ్డలు ఒక బకెట్లో, చక్రాల గుడ్డలు ఇంకో బకెట్లో. మేస్త్రి తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"అమ్మాయ్."

"ఆ సబ్బు సీసా అందుకోండి మావయ్యా."

అందించాడు.

"నీతో ఒక మాట—"

"మూత తీసివ్వండి. చేతులు తడిగా ఉన్నాయి."

మూత తీసిచ్చాడు. ఆమె సరిగ్గా ఒక మూతెడు పోసి, నీళ్లని చేత్తో కలిపింది.

"గురువారం పొద్దున..." అన్నాడు మేస్త్రి.

"గురువారం పొద్దున నాకు తలనొప్పి. కళ్లు కనబడలేదు. గుడ్డ ఎక్కడ పడిందో, ఎలా రుద్దానో నాకే తెలియదు. అంతే మావయ్యా."

"అంతే ఎలా అవుతుంది? నువ్వసలు మంచమే దిగలేదు!"

కోడలు గుడ్డ పిండటం ఆపింది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆయన కళ్లలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే ఆయనకు భరించరానిదిగా ఉంది.

"నాకు తెలుసు," అంది మెల్లగా. "గుమ్మంలో ఆవిడ అడిగినప్పుడే తెలిసిపోయింది. తాళం మీరు తిరగేసి తగిలించారు."

"మరి నువ్వెందుకు—"

"వీధిలో ఇప్పటికీ మిమ్మల్ని చూసి అద్దం మేస్త్రి వస్తున్నాడు, దారివ్వండి అంటారు. నీళ్లు లేకపోయినా ఆ పేరు మాత్రం మిగిలింది కదా అనుకుంటారు మీరు. నాకు తెలుసు. అదీ పోతే మీరు కుర్చీలోంచి లేవరు. నాదేముంది, రెండేళ్ల పేరు. ఈ భవనం కాకపోతే ఇంకో భవనం."

"ఇంకో భవనం వాళ్లు ఈ భవనం వాళ్లని అడగరా?"

ఆమె మళ్లీ పిండటం మొదలుపెట్టింది.

"నా పరువు నీ చేత మోయించి నేను టీ తాగుతూ కూర్చోవాలా?" అన్నాడు మేస్త్రి. "వాడు నిన్ను అన్నేసి మాటలంటుంటే నాకెలా ఉందో తెలుసా?"

"ఆయన అనేవి నేను వినడం మానేసి చాలా రోజులైంది లెండి," అంది కోడలు, కొంచెం నవ్వు తెచ్చుకుని. ఆ వెంటనే నవ్వు పోయింది. "సాయంత్రం మీరు రావద్దు మావయ్యా. చేతులు పట్టుకుని అడుగుతున్నాను."

తడి చేతులతో నిజంగానే ఆయన చేతులు పట్టుకుంది. మేస్త్రి మాట ఇవ్వకుండానే చేతులు విడిపించుకున్నాడు.

*

ఐదింటికి నల్ల కారుని సెల్లార్ నుంచి తెచ్చి వాలుదారి మీద ఏటవాలు ఎండలో పెట్టారు. టీచరమ్మ చేతులు కట్టుకుని పక్కనే నిలబడింది. లెక్కలు చెప్పే మనిషి. పొదుపు చేసి, ఒక్కతే వెళ్లి, తనే నడుపుకుంటూ తెచ్చుకున్న మొదటి కారు అది. ఈ ఏడాది భవనం సంఘానికి అధ్యక్షురాలు కూడా ఆవిడే.

కోడలు బోర్డు గుండెలకి హత్తుకుని వచ్చింది. కొడుకు ఒక పూట సెలవు పెట్టి వెనకే వచ్చాడు. ఇంట్లో ఎంత అరిచినా బయట పెళ్లాం ఒంటరిగా నిలబడటం అతనికి ఇష్టం లేదు.

"చూడు," అంది టీచరమ్మ.

చూడక్కర్లేదు. బానెట్ మీద, తలుపుల మీద, డిక్కీ మీద, ఎండ పడిన చోటల్లా సన్నటి వెండి తీగల్లాంటి చుట్లు ఒకదానిలో ఒకటి మెలిపడి కనిపిస్తున్నాయి.

"తప్పు నాదేనండి," అంది కోడలు. "పాలిష్ పెట్టి నేనే చేసిస్తాను. పైపైవి పోతాయి. లోతుగా పడ్డవి పూర్తిగా పోవు, ఆ మాట ముందే చెబుతున్నాను."

"మొదటి రోజు గుడ్డకి ఎనిమిది ముఖాలని నాకు పాఠం చెప్పావు. నేనే నలుగురికీ చెప్పి ఈ తాళాలన్నీ ఇప్పించాను. అలాంటిదానివి ఇలా ఎలా చేశావు? నాకు అదే అంతుపట్టడం లేదు."

కోడలు తల దించుకుంది.

"ఆ పిల్ల చెయ్యలేదండి. నేను చేశాను."

అందరూ తిరిగి చూశారు. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. పెళ్లికి వెళ్లేవాడిలా ఉన్నాడు.

"మావయ్యా!" అంది కోడలు.

"నువ్వుండమ్మా."

టీచరమ్మ మొహం మెత్తబడింది. అయితే ఆయన అనుకున్నట్టు కాదు.

"మేస్త్రి గారూ, కోడల్ని కాపాడుకోవాలని మీకుండటం మంచిదే. మా నాన్నా ఇలాగే చేసేవారు. కానీ అద్దం మేస్త్రి కారుకి గీతలు పెట్టాడంటే ఈ వీధిలో ఎవరు నమ్ముతారు చెప్పండి?"

నలభై ఏళ్లు సంపాదించుకున్న పేరు ఇలా అడ్డం వచ్చి నిలబడుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"నమ్మకపోతే పైకప్పు చూడండి," అన్నాడు. "ఒక్కసారి చూడండమ్మా."

టీచరమ్మ పక్కనున్న మెట్టెక్కి చూసింది. పైకప్పు అంచుల్లో రెండు వైపులా సుడులున్నాయి. మధ్యలో జానెడు వెడల్పు చార మీద మాత్రం ఒక్క గీత కూడా లేదు.

మేస్త్రి కారుని ఆనుకుని, మడమలెత్తి, చెయ్యి చాపాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా జారింది. వేళ్ల కొసలు ఆ గీతల్లేని చార అంచున ఆగిపోయాయి. చెయ్యి రంగుకి తగలకుండా గాలిలోనే మూడుసార్లు గుండ్రంగా తిప్పాడు. కింద మెరుస్తున్న చుట్లకీ ఆ చెయ్యి తిరిగిన తీరుకీ తేడా లేదు.

"నా చెయ్యి అంతవరకే అందుతుంది. మా కోడలు నాకంటే జానెడు పొడుగు. అది తుడిస్తే కప్పు మొత్తం తుడుస్తుంది. నాకు స్టూలు వెయ్యాలని తోచలేదు. కడిగే రోజుల్లో పైన నీళ్లు పోస్తే దుమ్ము దానంతటదే పోయేది."

లెక్కలు చెప్పే మనిషికి ఇంకో రుజువు అక్కర్లేకపోయింది.

కొడుకు తండ్రి చేతినే చూస్తూ ఉండిపోయాడు. నాలుగు రోజుల మాటలన్నీ ఒక్కసారిగా తన మీదికే తిరిగొచ్చినట్టున్నాయి. పెళ్లాం వైపు ఒక అడుగు వేశాడు. పెద్ద గొంతున్నవాళ్లకి చిన్న మాట తొందరగా దొరకదు.

"మీ మీద నాకు కోపం లేదు మేస్త్రి గారూ," అంది టీచరమ్మ. "సాయం చెయ్యబోయారు. కారుదేముంది, ఇనుము." ఇనుము అంటూనే తలుపు మీద ఒక చుట్టుని వేలితో తడిమింది. తర్వాత కోడలి వైపు తిరిగింది. "కానీ నీతో నాకు ఇబ్బంది వచ్చింది అమ్మాయ్. గుమ్మంలో నిన్ను సూటిగా అడిగాను. సూటిగా అబద్ధం చెప్పావు."

"అవునండి."

"ఇరవై రెండు కార్ల తాళాలు నీ దగ్గరున్నాయి. కార్లలో పిల్లల సంచులుంటాయి, కాగితాలుంటాయి. రేపు ఇంకేదో జరుగుతుంది. అప్పుడు నువ్వు చెప్పేది నిజమో, ఇంట్లో ఎవరినో కాపాడటానికి చెప్పేదో నాకెలా తెలియాలి?"

ఆవిడ గొంతులో కాఠిన్యం లేదు. నిజంగానే జవాబు కోసం అడుగుతోంది. కోడలు బోర్డుని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. కళ్లలో నీళ్లు నిండినా జారనివ్వలేదు.

"మీకు తెలిసే దారి లేదండి," అంది చివరికి. "మీరన్నది న్యాయమే."

టీచరమ్మ నిట్టూర్చి మేస్త్రిని చూసింది.

"మీరు చెప్పండి. నలభై ఏళ్లు ఈ వీధి తాళాలు మోశారు. నా చోట మీరుంటే ఆ బోర్డుని మళ్లీ ఆ ఇంటి గోడకే తగిలించనిస్తారా?"

ఆ పిల్ల రెండేళ్ల పేరంతా ఆ జవాబులో ఉందని ఆయనకు తెలుసు. అవునంటే ఆ పేరు నిలబడుతుంది. ఒక్క మాట, అంతే. కోడలు ఆయన వైపు చూడటం లేదు. కొడుకు చూస్తున్నాడు. నాలుగు రోజులు మాట్లాడకుండా చేసిన తప్పుకి, ఇప్పుడు మాట్లాడి ఇంకో తప్పు చేర్చడం మేస్త్రికి చేతకాలేదు.

"తగిలించనివ్వనమ్మా," అన్నాడు.

టీచరమ్మ బోర్డు కోసం చెయ్యి చాచింది. కోడలు చటుక్కున తలెత్తింది.

"నాన్నా!" అన్నాడు కొడుకు.

"ఆగరా, పూర్తిగా చెప్పనీ." మేస్త్రి టీచరమ్మకి ఎదురుగా నిలబడ్డాడు. "ఆ పిల్ల చేతిలో లోపం లేదు, మనసులోనూ లేదు. ఆ తాళం తీసింది నేను. ఆ పిల్ల చేత అబద్ధం ఆడించింది నేను. రేపు మళ్లీ చెయ్యనని నామీద నాకే నమ్మకం లేదు. పొద్దున్నే మెలకువ వస్తుంది, చేతులు ఊరుకోవు. నేనున్న ఇంట్లో ఆ బోర్డు ఉండకూడదు. అందుకని బోర్డు ఆ పిల్ల దగ్గరే ఉంచండి. ఇల్లు నేను వదిలేస్తాను."

బోర్డు తీసుకోవడానికి చాచిన చెయ్యి చాచినట్టే ఉంచి టీచరమ్మ నిలబడిపోయింది.

"ఎక్కడికి వెళ్తారు మావయ్యా?" అంది కోడలు.

ఆ సంగతి మేస్త్రి ఆలోచించుకోలేదు.